ఊపిరి నేర్పడానికి గోదావరిఖని వెళ్లాను

మాది బాపట్ల. ముప్పై మూడేళ్లు బళ్లో డ్రిల్లు మాస్టారుగా ఈల ఊదాను. రిటైరయ్యాక ఈల వదిలి ఊపిరి పట్టుకున్నాను. తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే మా వీధి చివర కల్యాణమండపం డాబా మీద నలభై మందికి ప్రాణాయామం నేర్పుతున్నాను. ఫీజు తీసుకోను గానీ పొగడ్తలు మాత్రం కాదనను. "మాస్టారూ, మీ వల్ల నా మోకాళ్ల నొప్పి పోయింది" అని ఎవరన్నా అంటే, ఊపిరికీ మోకాలికీ ఏం సంబంధమని అడిగిన పాపాన పోలేదు.

మా ఆవిడతో టీచర్ ట్రైనింగ్ చదివిన మార్త గారు గోదావరిఖనిలో ఉంటారు. ఆవిడ భర్త ఏసుదాసు గారు బొగ్గుగని లోపల పదేళ్లు పనిచేసి, తర్వాత ఆ గని ఆఫీసులోనే గుమాస్తాగా రిటైరయ్యారు. ఫిబ్రవరిలో ఆవిడ ఫోన్ చేశారు. "మా తాన రిటైరైనోళ్లందరికి ఆయాసమే అన్నయ్యా. ఒక వారం రోజులు వచ్చి జర ఊపిరి పీల్చుడు నేర్పున్రి." అడగడమే ఆలస్యం, టికెట్టు కొనేశాను. బొగ్గుగని మనుషులకి ఊపిరి నేర్పొచ్చానని మా డాబా మీద చెప్పుకోవడానికి ఎంత బాగుంటుందో ఆలోచించకపోలేదు.

రామగుండం

రైలు దిగగానే నేను చేసిన మొదటి పని గాలి వాసన చూడటం. బొగ్గు ఊరు, ముక్కు మూసుకోవాల్సొస్తుందని మా ఆవిడ సంచిలో నాలుగు జేబురుమాళ్లు పెట్టింది. స్టేషన్లో అల్లం చాయ్ వాసన తప్ప ఇంకేమీ రాలేదు. కప్పు పది రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకి సగం నురగ ఇస్తారు. ఇక్కడ అంచు దాకా చాయే పోశాడు. రెండు తాగాను.

ఏసుదాసు గారు స్కూటర్ మీద వచ్చారు. సన్నగా, నిటారుగా ఉండే మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు. దారి పొడవునా టార్పాలిన్ కప్పిన లారీలు. ఒక్కో లారీ దాటినప్పుడల్లా ఆయన స్కూటర్ పక్కకు తీసి, దుమ్ము అణిగేదాకా ఆగి, మళ్లీ బయల్దేరేవారు. ఇంటికి చేరేసరికి నా తెల్ల లాల్చీ బూడిద రంగుకి తిరిగింది. మార్త గారు చూసి ఫక్కున నవ్వారు.

"గీ ఊరికి తెల్లబట్టలేసుకొని వస్తరా అన్నయ్యా ఎవరన్న?"

ఏసుదాసు గారి గళ్ల చొక్కాలు రెండు నాకు ఇచ్చారు. ఆరు రోజులూ వాటినే మార్చి మార్చి తొడుక్కున్నాను. ఆ రోజు పలహారం సర్వప్ప. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి గిన్నె అడుగున అద్ది కాలుస్తారు. మా తప్పాలచెక్కకి దగ్గర చుట్టం, కారంలో మాత్రం దీనిదే పైచేయి. నాలుగోది తింటుంటే సైరన్ మోగింది. నేను ఉలిక్కిపడ్డాను. "షిఫ్టు మారింది, అంతే" అన్నారు మార్త గారు. వాళ్లింట్లో గోడ గడియారం ఆగిపోయి ఎన్నాళ్లయిందో వాళ్లకే తెలియదు.

కాలనీ హాలు, మొదటి ఉదయం

క్లాసు అయిదున్నరకి అని చెప్పాను. మా ఊళ్లో అయితే ఆరింటికి సగం మంది వస్తారు. ఇక్కడ అయిదుకే హాలు నిండిపోయింది. ముప్పై ఏళ్లు మొదటి షిఫ్టుకి లేచిన ఒళ్లు కదా, ఇప్పుడు పడుకోమన్నా పడుకోవట. ముప్పై మంది దాకా ఉన్నారు. మగవాళ్లు ఎక్కువ, వాళ్ల భార్యలు ఏడెనిమిది మంది. అందరూ నిలబడే ఉన్నారు. కూర్చోండి కూర్చోండి అని మూడుసార్లు అన్నాను. ఒక్కరూ కదల్లేదు.

ఏసుదాసు గారు నా చెవి దగ్గర వంగి, "మస్టర్ పడలే సారు" అన్నారు.

మస్టర్ అంటే హాజరు. అది పడకుండా గనిలోకి దిగరు, దిగితే ఆ దినం లెక్కలోకి రాదు. నేను కాగితం తీసి ఒక్కొక్కరి పేరూ రాసుకున్నాను. చివరి పేరు రాశాక అందరూ చాపల మీద కూర్చున్నారు. డ్రిల్లు మాస్టారుగా నా జన్మలో అలాంటి క్లాసు చూడలేదు. మనసు ఉప్పొంగిపోయింది, ఎందుకు దాచాలి.

గోడ వారగా కూర్చున్నాయన పేరు ఓదెలు. పొడుగు మనిషి, ఎముకలు కనిపిస్తున్నాయి. నుదుటి మీద నీలం గీత. దెబ్బ తగిలిన చోట బొగ్గు పొడి ఉండిపోతే, మానాక అలా నీలంగా మిగులుతుందట. చాపల వరకు నడిచి రావడానికే ఆయన రెండుసార్లు ఆగాడు. భార్య రాజవ్వ పక్కన నిలబడి నాతో సూటిగా మాట్లాడింది.

"సారు, మా ఆయన పక్కమీద పండుకోక ఏడాదయితంది. ఒరిగితె ఊపిరాడది. కుర్చీల కూసోని నిద్రవోతడు. నాకు ఇంకేం వద్దు. ఒక్కసారి మనిషి లెక్క పండుకుంటే సాలు."

"వారంలో పడుకుంటాడమ్మా, నాదీ పూచీ" అన్నాను. ఆయన ఊపిరితిత్తుల్లో ఏముందో నాకు తెలియదు. డాక్టరు ఏమన్నాడని కూడా అడగలేదు.

తర్వాత ఉపన్యాసం. అందులో ఒక మాట ఉంది. ప్రతి కొత్త బ్యాచికీ అది చెప్పాల్సిందే. "నాకు చిన్నప్పట్నించీ ఉబ్బసం. బళ్లో ఉన్నప్పుడే ప్రాణాయామం పట్టుకున్నాను, ఏడాదికి మందు పీల్చే డబ్బా అవతల పారేశాను. ఇరవై ఏళ్లయింది, మళ్లీ ముట్టలేదు." ఈ మాటకి ఎక్కడైనా చప్పట్లే. అక్కడా కొట్టారు. ఓదెలు కొట్టలేదు, నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత కళ్లు మూసుకుని, ఊపిరి వచ్చేదీ పోయేదీ గమనించమన్నాను. మాట్లాడకుండా అయిదు నిమిషాలు. రెండో నిమిషంలో ఏసుదాసు గారి చెయ్యి చాచుకుని పక్కనున్న ఓదెలు మోకాలి మీద తట్టింది. ఓదెలు "ఆఁ" అని, తన పక్కాయన్ని తట్టాడు. ఆయన "ఆఁ" అన్నాడు. అలా తట్టుడూ ఆఁ అనుడూ వరస చివరికి పోయి, వెనక వరసలోకి మళ్లింది. ఒక్కరి కళ్లూ తెరుచుకోలేదు.

"ఏంటండీ ఇది? ధ్యానమా, దొంగాటా?" అన్నాను.

ఏసుదాసు గారు సిగ్గుపడ్డారు. "అలవాటు సారు. బాయిల కూసున్నోడు చప్పుడు చెయ్యకుంట ఉంటే మంచిది గాదు. గాలి చెడ్డకాడ మొదలు నిద్ర లెక్కనే వస్తది. మనిషి నిమ్మలంగ కూసున్నట్టే కనవడ్తడు. గట్లనే పోతడు. అందుకే పక్కనోన్ని తడుతం. ఆఁ అంటే ఉన్నట్టు."

గనిని ఇక్కడ బాయి అంటారు. "ఇది బాయి కాదు కదండీ. గాలి బాగానే ఉందిగా" అన్నాను.

"బాగనే ఉన్నది సారు. చెయ్యే ఇంటలేదు."

అందరూ నవ్వారు. నాకు మాత్రం చిరాకు వేసింది. ఎవరూ ఎవర్నీ ముట్టుకోకూడదని, పక్కవాడు ఎంత కదలకుండా ఉంటే అంత గొప్పగా చేస్తున్నట్టని గట్టిగా చెప్పాను. మర్నాటి నుంచి చాలామంది చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. నా మాట అంత శ్రద్ధగా విన్నారు.

ఓదెలు ఇల్లు

రెండో రోజు భ్రామరి చేయించాను. చెవులు మూసుకుని తుమ్మెదలాగా ఝంకారం చెయ్యాలి. ఏసుదాసు గారి ఝంకారం కాసేపటికి ఆదివారం చర్చి పాటలోకి దిగింది, వెనక ఇద్దరు అందుకున్నారు. అదీ ఊపిరే కదా అని ఊరుకున్నాను. ఆ సాయంత్రం రాజవ్వ చాయ్‌కి పిలిచింది.

రెండు గదుల క్వార్టరు. వాకిట్లో టమాటా మొక్కలు. ఆకుల మీద దుమ్మని రాజవ్వ రోజూ తడిగుడ్డతో తుడుస్తుందట. మా దగ్గర ఉప్పుగాలికి కిటికీ చువ్వలు తుప్పు పడితే ఏడాదికోసారి రంగు వేయిస్తాం, అంతకంటే గాలితో మాకు పేచీ లేదు. లోపల మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. దాని పక్కనే చేతుల కుర్చీ, వెనక్కి తాడుతో కట్టిన దిండు. ఆయన పడక అదే.

"కుంభకం ఎంతసేపు పట్టాలె సారు?" అని ఓదెలు అడిగాడు. కుంభకం అంటే పీల్చిన గాలిని లోపల నిలపడం. ఎంతసేపు నిలపగలిగితే అంత సాధన అని చెప్పి, నేను అరవై నాలుగు అంకెలు నిలుపుతానని కూడా చెప్పాను.

ఆయన కుర్చీలో ముందుకి వంగాడు. "మాకు నేర్పినోళ్లు ఉల్టా చెప్పిన్రు. బిగవట్టొద్దు, నోటితోని మెల్లగ ఇడువున్రి అని. ఇడిసుడు వస్తె పీల్చుడు దానంతట అదే వస్తది అనేటోళ్లు."

"అది గని కోసం. ఇది శరీరం కోసం" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

"సరే సారు. మీరు చెప్పినట్టె చేస్తున్న. అన్ని" అన్నాడు. ఆ 'అన్ని' అన్న మాట అప్పుడు నా చెవికి మామూలుగానే వినిపించింది. రాజవ్వ ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, నేను చాయ్ ఊదుకుంటూ పట్టించుకోలేదు.

సెంటినరీ కాలనీ

మూడో రోజు క్లాసయ్యాక ఏసుదాసు గారు నన్ను రామగిరి మండలం వైపు తీసుకెళ్లారు. సెంటినరీ కాలనీ దాటి కొంత దూరం పోతే ఓపెన్‌కాస్టు గని కనిపిస్తుంది. భూమిలోకి సొరంగం తవ్వకుండా, పైనించే మట్టంతా ఎత్తిపోసి బొగ్గు తీస్తారు. మెట్లు మెట్లుగా దిగిపోతున్న పెద్ద గొయ్యి, అడుగున చీమల్లా లారీలు. తీసిన మట్టి పక్కన గుట్టలుగా పోశారు. వాటి మీద ఇప్పుడు చెట్లు కూడా మొలిచాయి. కొత్తగా వచ్చినవాడు కొండలనే అనుకుంటాడు. నేనూ అనుకుని, ఆ కొండ పేరేమిటండీ అని అడిగాను. ఏసుదాసు గారు చాలాసేపు నవ్వారు.

మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయింది. కాళ్ల కింద నేల ఒక్కసారి అదిరి ఊరుకుంది. దగ్గర్లో మిరపకాయ బజ్జీలు వేసే ఆవిడ మూకుడు చెవి పట్టుకుని, అదిరాక వదిలి, మళ్లీ పిండి ముంచింది. ప్లేటు ఇరవై రూపాయలు, ఆరు బజ్జీలు, వాటి మీద ఉల్లిపాయ.

తింటూ ఓదెలు సంగతి అడిగాను. గనిలో ప్రమాదమైతే లోపలివాళ్లని తెచ్చే రెస్క్యూ జట్టులో ఆయన పదహారేళ్లు చేశాడట.

"వీపుకు గాలి సెట్టు, నోట్ల గొట్టం, ముక్కుకు క్లిప్పు. లోపలికి పోయినంక మాట ఉండది సారు, చేతి సైగలే. జట్టు పెద్ద ఎట్ల పీల్చుమంటె గట్ల పీల్చాలె. ఓదెలు బావ ఊపిరి ముచ్చట్ల చెప్పినోని మాట దాటడు. ఇంకోని మాట ఏదన్న దాటుతడేమో గని, గిది దాటడు."

అదేదో నాకిచ్చిన సర్టిఫికెట్టులా అనిపించి, ఇంకో ప్లేటు బజ్జీలు చెప్పాను.

నాలుగో ఉదయం

మస్టర్ పడింది. ఓదెలు మొహం పాలిపోయి ఉంది గానీ, "ఎలా ఉందండీ?" అంటే బాగనే ఉన్నదని తలూపాడు. ఆ రోజు కుంభకం. పీల్చి, పదహారు అంకెలు నిలిపి, వదలమన్నాను. అలా పన్నెండుసార్లయ్యాక, కళ్లు మూసి అలాగే ఉండిపోమన్నాను.

హాలు నిశ్శబ్దమైంది. దగ్గులు కూడా ఆగాయి. కాసేపటికి చూస్తే ఓదెలు అందరికంటే నిమ్మళంగా ఉన్నాడు. భుజాలు జారి, గడ్డం గుండె మీదికి వాలింది. మూడు రోజులుగా గురగురమంటున్న ఛాతీ కదులుతోందో లేదో తెలియనంత మెల్లగా ఉంది. నాకు ఒళ్లు పులకరించింది. వెనక కళ్లు తెరిచిన ఇద్దరికి ఆయన్ని వేలితో చూపించి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాను. చూడండి, ఇదీ ధ్యానమంటే అని.

ఏసుదాసు గారు కళ్లు తెరిచారు. ఆయన చెయ్యి తొడ కిందనించి బయటికొచ్చింది. నేను కళ్లురిమాను. చెయ్యి వెనక్కి పోయింది. ఆయన నా వైపు చూశారు, ఓదెలు వైపు చూశారు, మళ్లీ నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఎంతసేపంటే చెప్పలేను. నిమిషం కావచ్చు. ఆ నిమిషాన్ని తలుచుకోని రోజు లేదు.

అప్పుడాయన నన్ను లెక్కచెయ్యకుండా వంగి ఓదెలు మోకాలు తట్టారు. "ఆఁ" రాలేదు. మళ్లీ తట్టారు.

"బావా! ఓదెలు బావా!"

భుజాలు పట్టి కుదిపారు. ఓదెలు తల ఒక పక్కకి జారింది. పెదవులు నుదుటి మీది గీత రంగులో ఉన్నాయి. ముప్పై మందీ ఒక్కసారి లేచారు. ఎవరూ కేకలు పెట్టలేదు. ఇద్దరు కిటికీలు తెరిచారు, ఒకాయన ఆటో కోసం పరిగెత్తాడు, నలుగురు ఆయన్ని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఎత్తారు. ఎవరికి వారికి తన పని తెలుసు. ఏం చెయ్యాలో తెలియక నిలబడింది నేనొక్కణ్ణే.

దవాఖాన

ఆక్సిజన్ పెట్టారు, సూదులు ఇచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు ఏసుదాసు గారితో అంది. తర్వాత, "రోజూ పీల్చే మందు ఎందుకు ఆపిండు?" అని అడిగింది.

ఆ సంగతి ఏసుదాసు గారికి తెలియదు. అప్పుడే రాజవ్వ వచ్చింది. పొద్దున పిండి కలుపుతున్నదల్లా అలాగే వచ్చినట్టుంది, మోచేతుల దాకా తెల్లపిండి.

"మూడు దినాలాయె" అంది. "మీరు పారేసిన్నని చెప్పిన్రు గద సారు. ఇంటికి రాంగనే డబ్బను బీరువ మీద పెట్టిండు, నాకు అందకుంట. సారుకు ఏడాది పట్టింది, నేను వారంల చేస్త అన్నడు. రాత్రంత ఆయాసపడ్డడు. నేను బతిమాలిన, తిట్టిన. ఊపిరి చెప్పినోని మాట దాటొద్దు అన్నడు."

నేను వరండా బల్ల మీద కూర్చుండిపోయాను. ఇక్కడ చదువుతున్న మీకు కూడా ఇంతదాకా చెప్పని సంగతి ఒకటుంది. ఆ డబ్బా నేను పారెయ్యలేదు. మా ఇంట్లో మూడున్నాయి, సంచిలో ఒకటుంది. రోజుకు రెండుసార్లు, బాత్రూం తలుపు వేసుకుని, పంపు తిప్పి, ఆ చప్పుడులో పీల్చుకుంటాను. ప్రాణాయామం వల్ల నాకు మేలు జరగలేదని కాదు. దగ్గు తగ్గింది, నిద్ర పడుతుంది, మునుపటంత కంగారు లేదు. ఆ మాత్రం చెబితే చాలేది. కానీ ఆ మాత్రానికి చప్పట్లు కొట్టరు.

నేను సంచిలోంచి డబ్బా తీసి రాజవ్వకి చూపించాను. ఆమె దాన్నీ, నన్నూ చూసింది. తిడుతుందనుకున్నాను.

"గీ ముచ్చట మొదటి రోజే చెప్తె మీదేం పోయేది సారు?" అంది. గొంతు పెంచలేదు. "నాకు చూపెడితే ఏమొస్తది? ఆయనకు చెప్పున్రి. నా మాట ఇనడు, మీ మాట ఇంటడు. మీరు చెప్పకుంట పోతె, ఇంటికి రాంగనే మళ్ల బీరువ మీదనే పెడ్తడు."

మంచిర్యాల

అయిదో రోజు ఉదయం మస్టర్‌లో ఓదెలు పేరు పిలిచాను, అలవాటుగా. "సిక్కుల ఉన్నడని రాయున్రి" అన్నారు ఏసుదాసు గారు. సిక్కంటే జబ్బు సెలవు. రాశాను. కుంభకం జోలికి పోలేదు. మందులు వాడేవాళ్లు ఎవరూ మానొద్దని మాత్రం చెప్పాను. వెనకనించి ఒకాయన, "మరి మీరు పారేసిన్రు గద సారు?" అన్నాడు.

"నా సంగతి వేరు" అన్నాను.

అదీ నా ఘనత. మనిషి చావు అంచు దాకా వెళ్లొచ్చాక కూడా నా నోట్లోంచి వచ్చింది ఆ ముక్క.

దవాఖానకి వెళ్లాల్సిన పూట, మంచిర్యాల చూస్తానని మార్త గారిని వెంటబెట్టుకుని బస్సెక్కాను. గోదావరి మీద వంతెన దాటాలి. మా జిల్లాలో ఏరన్నా కాలవన్నా పక్కన వరిచేలు ఉంటాయి. ఇక్కడ నది ఒక పక్క పొలాలు, ఇంకో పక్క దూరంగా పొగగొట్టాలు. మంచిర్యాల బజారులో రద్దీగా ఉంది. మా ఆవిడకి చీర, నాకు ముదురు రంగు లుంగీ కొన్నాను. మొక్కజొన్న గారెలు తిన్నాం. ఇక్కడ వాటిని మక్కగారెలంటారు, వేడిగా ఉన్నప్పుడు పల్లీ చట్నీతో తింటే ఇంకో నాలుగు తినబుద్ధవుతుంది. నాకు రెండోది గొంతు దిగలేదు.

మార్త గారు గమనించారు. రాజవ్వ ఆవిడకి అంతా చెప్పేసింది.

"అన్నయ్యా, రేపు మీ బండి" అన్నారు. "ఓదెలన్న తానికి ఎప్పుడు పోతరు?"

"ఆయన్ని ఇప్పుడు మాట్లాడించకూడదేమోనండీ."

"మాట్లాడాల్సింది ఆయన గాదు గద" అన్నారు ఆవిడ.

ఆరో రోజు, వార్డు

పొద్దున పదింటికి ఏసుదాసు గారితో వెళ్లాను. మంచం తలవైపు ఎత్తి ఉంచారు. ఓదెలు మూడు దిండ్లకి ఆనుకుని ఉన్నాడు, ముక్కులో సన్నగొట్టం. రాజవ్వ కిటికీ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి ఆయన లేవబోయాడు.

"మాఫ్ చెయ్యున్రి సారు. క్లాసు ఖరాబు చేసిన" అన్నాడు.

ఆ మాటతో నేను వల్లెవేసుకొచ్చినదంతా పోయింది. జేబులోంచి డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇది నాదండీ. రోజూ వాడతాను. పారేశానని అబద్ధం చెప్పాను. తొమ్మిదేళ్లుగా అందరికీ ఇదే అబద్ధం చెబుతున్నాను" అన్నాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అడుగున ఎంత మిగిలిందో అంకె చదివాడు. వాడుతున్న డబ్బానే అని తేల్చుకున్నాక నాకు తిరిగిచ్చాడు.

"కొట్టున్రి, సూస్త" అన్నాడు.

ముగ్గురు చూస్తుండగా, జీవితంలో మొదటిసారి, బయట పీల్చాను. ఊపి, నోట్లో పెట్టుకుని, నొక్కి, గుటుక్కున లాగాను. బాత్రూంలో ఎలా చేస్తానో అలాగే.

ఓదెలు కళ్లు పెద్దవయ్యాయి. "ఏంది సారు, గట్ల మింగుతున్రు? మందంత నాలిక మీదనే పాయె. లోపటికి ఏం పోతది? ఎన్నేండ్ల సంది గిట్లనే?"

"పాతికేళ్లు."

"రాజవ్వా, ఇగో సూడు. సారుకు పీల్చుడే రాదు."

రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏసుదాసు గారు కిటికీ వైపు తిరిగి భుజాలు ఊపేస్తున్నారు. ఓదెలు మాత్రం నవ్వలేదు. జట్టు పెద్ద మొహం పెట్టి, దిండ్ల మీద కాస్త ముందుకి జరిగాడు.

"మొదలు లోపటున్న గాలంత ఇడువున్రి. ఇంక ఉన్నది. ఇంక ఇడువున్రి. ఆఁ. ఇప్పుడు నోట్ల పెట్టుకొని ఒత్తున్రి, మెల్లగ గుంజున్రి. జల్ది వద్దు. చాలు, లోపటనే ఆపున్రి."

ఆయనకి లెక్కపెట్టేంత ఊపిరి లేదు. అందుకని చేతులు పైకెత్తి ఒక్కో వేలూ ముడిచాడు. గోళ్ల చుట్టూ ఎన్ని సబ్బులకీ పోని నలుపు. పదో వేలు ముడిచాక తలూపాడు. వదిలాను. ఇన్నేళ్లలో ఛాతీలో ఎన్నడూ తగలని చోట మందు తగిలింది. అరవై నాలుగు అంకెలు నిలిపే మొనగాణ్ణే గానీ, మందు పీల్చాక నిలపాల్సిన ఆ పది అంకెలూ నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎవరినన్నా అడగాలంటే వాడుతున్నానని ఒప్పుకోవాలి.

"మీరు మళ్లీ మొదలుపెడతారు కదూ?" అన్నాను.

"పెడ్త సారు. జట్టు పెద్దే పెట్టుకుంటుంటె నాకేంది" అన్నాడు. పక్కమీద పూర్తిగా వెల్లకిలా పడుకోవడం ఇక కుదరకపోవచ్చని, ఇలా మూడు దిండ్ల మీద ఒరగొచ్చని డాక్టరు చెప్పిందట. రాత్రి అలా ఒరిగే నాలుగు గంటలు నిద్రపోయాడని రాజవ్వ అంది. నేను పూచీ పడిన సంగతి ఆమె ఎత్తలేదు.

లేస్తుంటే ఓదెలు నా మణికట్టు పట్టుకున్నాడు. "బాయి దోస్తులకు ఏసుదాసు బావ చెప్తడు. మీ ఊర్ల మీ తాన నేర్చుకునేటోళ్లకు ఎరుకేనా?"

"లేదు."

"జల్ది చెప్పున్రి సారు. ఆడ గూడ ఎవడన్న బీరువ మీద పెట్టిండో ఏమో."

బాపట్ల

సోమవారం ఉదయం నలభై మందీ డాబా మీద ఉన్నారు. ప్రయాణం విశేషాలు చెప్పమన్నారు. ఇప్పుడు మీకు చెప్పినదంతా చెప్పాను, ఏదీ వదల్లేదు. డబ్బా తీసి అందరి ముందూ పట్టుకున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా మాట విని మందు మానేసినవాళ్లు ఉంటే చెయ్యెత్తమని అడిగాను.

ఇద్దరు ఎత్తారు. వాళ్లని ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మూడో చెయ్యి మెల్లగా, రెండో వరసలోంచి లేచింది. సుందరమ్మ గారిది. ఆవిడకి ఆయాసం లేదు. ఆయాసం ఆవిడ భర్తకి ఉండేది. ఇద్దరూ కలిసే నా క్లాసుకి వచ్చేవాళ్లు. ఆయన పోయి రెండేళ్లయింది.

"మావారు కూడా మానేశారు మాస్టారూ" అంది.

ఆవిడ చెయ్యి దించి, కళ్లు మూసుకుని, మిగతావాళ్లతో పాటు కూర్చుంది. ఇప్పటికీ రోజూ వస్తుంది. అదే వరసలో, అదే చోట కూర్చుంటుంది. క్లాసు మధ్యలో రెండు నిమిషాలకోసారి నేను వెళ్లి అందరి మోకాళ్లూ తడతాను. ఆవిడ దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతుంది. అప్పుడు కళ్లు తెరవకుండా ఆవిడే "ఆఁ" అంటుంది.